కైండ్ ఆఫ్ బ్లూ మూడుసార్లు విన్నా ఎక్కలేదంటే ఏం చెయ్యాలి?

గుణుపురంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు అడిగారు: "మాస్టారూ, అందరూ గొప్పదంటున్నారని మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ మూడుసార్లు పెట్టుకున్నాను. మూడుసార్లూ రెండో పాట సగానికి వచ్చేసరికి మనసు ఎక్కడికో పోయింది. మా అమ్మ త్యాగరాజ కీర్తనలు పాడుతుంది, నాకు సినిమా పాటలంటే ప్రాణం. మరి జాజ్ ఎందుకు ఎక్కడం లేదు? ఏ ఆల్బమ్‌లు, ఏ వరసలో వినాలి?"

ముందు జవాబు చెప్పేస్తాను. కైండ్ ఆఫ్ బ్లూని ఓ రెండు నెలలు పక్కన పెట్టండి. డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ, ఆయన బృందం చేసిన 'మోనిన్' ఆల్బమ్ తీసుకోండి. అందులో ఆ పేరుతోనే ఉన్న మొదటి పాట ఒక్కటే వారం రోజులు వినండి. వింటున్నంతసేపూ దాని పల్లవిని లోపల పాడుకుంటూనే ఉండండి. వాళ్ళు పల్లవి వదిలేసి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయినా సరే, మీరు మాత్రం ఆపకండి. జాజ్ వినడానికి నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే. మిగతా సంగతులన్నీ దీని వెనక నడిచి వస్తాయి.

నేను పర్లాకిమిడిలో పుట్టాను. మా నాన్నగారిది పెళ్ళిబ్యాండు. పన్నెండో ఏట క్లారినెట్ పట్టాను, తర్వాత శాక్సోఫోన్ కూడా. బరంపురం వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు ఊరేగింపులకు వెళ్ళడం మానేసి పిల్లలకు నేర్పుతున్నాను. జాజ్ నాకు పరిచయమైంది రేడియోలో. 1980ల్లో రాత్రిపూట షార్ట్‌వేవ్ మీద ముల్లు తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికాలో జాజ్ కార్యక్రమం నడిపే విల్లిస్ కానోవర్ గొంతు దొరికేది. ఇంగ్లీషు పెద్దగా రానివాళ్ళకి కూడా అందాలని ఆయన ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, బరువైన గొంతుతో చెప్పేవారు. ఆ కార్యక్రమం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించే 'టేక్ ది ఎ ట్రెయిన్'తో మొదలయ్యేది. మధ్యలో గాలి హోరు వచ్చి సగం పాట కొట్టుకుపోయేది. మిగిలిన సగం కోసం నేను మర్నాడు మళ్ళీ కూర్చునేవాణ్ణి.

మీ మనసు ఎందుకు జారిపోతోందో చెబుతాను. సినిమా పాటలో పల్లవి వస్తుంది, చరణం వస్తుంది, మళ్ళీ పల్లవి వస్తుంది. మనల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. జాజ్‌లో పల్లవి మొదట్లో ఒకసారి వినిపిస్తారు, చివర్లో ఒకసారి వినిపిస్తారు. మధ్యలో అయిదారు నిమిషాలు ఒకరి తర్వాత ఒకరు సొంత కల్పన చేస్తారు. కొత్తగా వినేవాళ్ళు ఆ మధ్య భాగం చూసి పాట అయిపోయిందనీ, ఇప్పుడు వీళ్ళు ఇష్టం వచ్చినట్టు వాయిస్తున్నారనీ అనుకుంటారు. నిజానికి పాట ఎక్కడికీ పోలేదు. పల్లవి ఎంత పొడవుందో అంత పొడవు కొలత, దాని కింద పియానో వాయించిన స్వరాల గుత్తులు అదే వరసలో, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ట్రంపెట్ ఆయన ఆ చక్రం మీద నిలబడి కల్పన చేస్తున్నాడు. మీ అమ్మగారిని స్వరకల్పన గురించి అడగండి. ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ పల్లవి ఎత్తుగడకి సరిగ్గా వచ్చి పడాలి అంటారు. ఇక్కడ ఆ ఎత్తుగడని పైకి వాయించరు, మనమే మనసులో మోయాలి. మోసినవాళ్ళకి ఆ కల్పనలో మలుపులు తెలుస్తాయి. మొయ్యనివాళ్ళకి అది ఒక పొడుగాటి స్వరాల ప్రవాహంలా ఉండి, కాసేపటికి నిద్ర వస్తుంది.

అందుకే 'మోనిన్' అన్నాను. ఇది 1958 అక్టోబరు 30న రికార్డయింది. పియానో వాయించిన బాబీ టిమన్స్ కట్టిన వరస. మొదట పియానో ఒక మాట అంటుంది, దానికి ఊదేవాళ్ళిద్దరూ రెండే రెండు స్వరాలతో "అవును" అన్నట్టు జవాబిస్తారు. తర్వాత ఊదేవాళ్ళు అంటారు, పియానో వాళ్ళు జవాబిస్తారు. అమెరికాలో నల్లవాళ్ళ చర్చిలో పాస్టరు ఒక మాట అనడం, జనం అందుకోవడం ఉంటుందే, ఆ పద్ధతి. మనకిది కొత్తా? బుర్రకథలో కథకుడు అంటే వంతలు అందుకోరూ? మన గంజాం జిల్లా దాసకాఠియా కథాగానంలో గాయకుడు ఒక ముక్క పాడితే పక్కనుండే వంతగాడు, పాలియా అంటారు, చెక్కలు కొడుతూ అందుకోడూ? ఈ పాట వినగానే మీ ఒళ్ళే చెబుతుంది ఎక్కడ జవాబివ్వాలో.

లెక్క కూడా సులువు. ఎనిమిది బార్ల ముక్క (ఒక్కో బారు అంటే నాలుగు దెబ్బల ఆవృతం), మళ్ళీ అదే ఎనిమిది, తర్వాత వేరే వరసలో ఎనిమిది, చివర మొదటి ఎనిమిదే. మొత్తం ముప్పై రెండు. అది ఒక చుట్టు, దానికి నిమిషం దాకా పడుతుంది. మొదటి చుట్టు అవ్వగానే లీ మోర్గన్ ట్రంపెట్‌తో దూకుతాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. రెండు చుట్లు వాయిస్తాడు. అతని తర్వాత బెన్నీ గోల్సన్ శాక్సోఫోన్, టిమన్స్ పియానో, జిమీ మెరిట్ బేస్, మళ్ళీ పల్లవి. మీరు లోపల ఆ "అన్నమాట–అవునన్న జవాబు" పాడుకుంటూ ఉంటే, మూడో ఎనిమిది రాగానే కింద నడక మారడం స్పష్టంగా తెలుస్తుంది. మొదటి రెండు రోజులు లెక్క తప్పుతుంది. ఫరవాలేదు, మళ్ళీ మొదటికి వెళ్ళండి. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో చాలామందికి మూడో రోజో నాలుగో రోజో అది చిక్కుతుంది. చిక్కిన రోజున వాళ్ళ ముఖం చూడాలి. "సార్, పాట లోపల నడుస్తూనే ఉంది!" అని ఒక అమ్మాయి అరిచింది. ఆ అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది, అప్పటికి జాజ్ అంటే హోటల్లో వేసే పాట అనుకునేది.

ఇక్కడ వినే పద్ధతి గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే సగం మంది అక్కడే ఓడిపోతున్నారు.

ఫోన్ స్పీకర్‌లో వినకండి. జాజ్‌లో నడక మోసేది బేస్. అదొక పెద్ద తీగ వాయిద్యం, నిలబడి వేళ్ళతో మీటుతారు. దాని కింది స్వరాలు ఫోన్‌లోని చిన్న స్పీకర్‌లో పలకనే పలకవు. బేస్ వినపడకపోతే చక్రం తిరగడం వినపడదు, మీకు వినిపించేది పైన ఊదేవాళ్ళ ధ్వని మాత్రమే. ఖరీదైనవి అక్కర్లేదు, మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు.

ఆల్బమ్ అసలు ఎక్కడ ముగుస్తుందో తెలుసుకుని అక్కడ ఆపండి. ఇప్పుడు యాప్‌లలో దొరికే పాత ఆల్బమ్‌ల చివర, రికార్డింగులో పక్కన పెట్టేసిన వాయింపులన్నీ కలిపేస్తున్నారు. అదే పాట రెండోసారి, మూడోసారి వస్తుంది. కైండ్ ఆఫ్ బ్లూ అంటే అయిదు పాటలు, అంతే. శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ఎ లవ్ సుప్రీమ్ అంటే నాలుగు భాగాలు. ఇవి గ్రామఫోన్ రికార్డుకి ఒక్కో వైపు ఇరవై నిమిషాల లెక్కలో కట్టిన కచేరీలు. ఏది ముందు, ఏది చివర అని ఆలోచించి పెట్టారు. షఫుల్ వేస్తే ఆ ఆలోచనంతా పోతుంది.

హిట్స్ పేరుతో వచ్చే కలగూరగంపల జోలికి కూడా వెళ్ళకండి. నా కుర్రతనంలో విశాఖపట్నంలో ఒక దుకాణంలో ఇరవై జాజ్ పాటలున్న క్యాసెట్ కొన్నాను. ప్రతి పాటనీ మూడు నిమిషాలకి కోసేశారు, అది కూడా సోలో మధ్యలో. నాకా సంగతి తెలియదు. జాజ్ పాటలు ఇలా ఉన్నట్టుండి ఆగిపోతాయి కాబోలు అని రెండేళ్ళు అనుకున్నాను. ఒక పూర్తి ఆల్బమ్ చేతికొచ్చాక గానీ ఎంత పోగొట్టుకున్నానో తెలియలేదు.

పని చేసుకుంటూ వినొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. పూర్తిగా తెలిసిపోయిన ఆల్బమ్ అయితే వినొచ్చు. కొత్తదాన్ని అలా వింటే అది కొత్తగానే ఉండిపోతుంది. రోజూ పది నిమిషాలు, కళ్ళు మూసుకుని, అంతే చాలు. గుణుపురం నుంచి పర్లాకిమిడి వైపు రైల్లో వెళ్తుంటారు కదా, కిటికీ పక్క సీటు దొరికితే అదే మంచి కచేరీ హాలు.

'మోనిన్' తర్వాత ఏమిటి? నేనైతే 'ఎల్లా అండ్ లూయీ' చెబుతాను. 1956 నాటిది. ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ పాడారు, వెనక ఆస్కార్ పీటర్సన్ పియానో. మాటలున్న పాటలు కాబట్టి పల్లవి గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎల్లా గొంతు పట్టులా ఉంటుంది, ఆర్మ్‌స్ట్రాంగ్‌ది గరుకు గొంతు. పాడిన మనిషే ట్రంపెట్ తీసుకుని అదే పాట మళ్ళీ ఊదుతాడు. అప్పుడు గమనించండి, ఆయన పాడినప్పుడు ఎక్కడ ఊపిరి తీశాడో ఊదినప్పుడూ దాదాపు అలాగే తీస్తాడు. మా నాన్నగారు మాకు నేర్పింది కూడా ఇదే. పాడలేనిది ఊదకురా అనేవారు.

ఆ తర్వాత డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్', 1959. కర్ణాటక సంగీతం వాసన తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది పండగే. 'టేక్ ఫైవ్'లో తాళం అయిదు. మన ఖండచాపుని మామూలుగా తక–తకిట అని వేస్తాం, ఇందులో తకిట–తక అని తిరగేసి వేసుకోండి, సరిగ్గా కూర్చుంటుంది. దాన్ని కట్టింది శాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. 'బ్లూ రాండో' అనే పాటలో తొమ్మిది: తక–తక–తక–తకిట. 1958లో ఆ బృందం విదేశాల్లో పర్యటిస్తున్నప్పుడు ఇస్తాంబుల్ వీధిలో వాయిద్యగాళ్ళు వాయిస్తున్న లెక్కని బ్రూబెక్ విని పట్టుకున్నాడు. ఆ పర్యటనలోనే వాళ్ళు మన దేశం కూడా వచ్చారు. ఒక జాగ్రత్త చెబుతాను: ఈ ఆల్బమ్‌లో తాళాల తమాషా చూసి చాలామంది జాజ్ అంటే ఇదే అనుకుని ఇక్కడే ఆగిపోతారు. డెస్మండ్ ఊదే తీరు వినండి. ఒక్క స్వరం కూడా గట్టిగా నొక్కడు. అంత కష్టమైన తాళం మీద అంత తేలిగ్గా నడిచేవాణ్ణి నేను ఇంకొకణ్ణి వినలేదు.

ఇప్పుడు మీ కైండ్ ఆఫ్ బ్లూకి రండి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది కాబట్టి అందరూ దీనితో మొదలుపెట్టమంటారు. నా అనుభవంలో మొదట వినేవాళ్ళకి ఇదే కష్టం. ఎందుకంటే మైల్స్ డేవిస్ ఇందులో స్వరాల గుత్తులు గబగబా మార్చే పద్ధతి వదిలేసి, ఒక్కో స్వరవరస మీద ఎక్కువసేపు నిలబడ్డాడు. పట్టుకోవడానికి గుర్తులు తక్కువ. 'మోనిన్'లో మలుపు దగ్గర చెయ్యి పట్టుకుని లాగుతారు. ఇందులో మలుపు మెల్లగా జరిగిపోతుంది.

మొదటి పాట 'సో వాట్' ఇలా వినండి. మొదట పియానో, బేస్ తాళం లేకుండా కాసేపు ఆలాపన లాంటిది చేస్తాయి. తర్వాత బేస్ పల్లవి అందుకుంటుంది, మిగతావాళ్ళు రెండు స్వరాలతో జవాబిస్తారు. గుర్తుపట్టారా? మళ్ళీ అదే అన్నమాట–జవాబు. ఇందులో కూడా ముప్పై రెండు బార్లే. మొదటి పదహారు ఒక స్వరవరసలో ఉంటాయి. ఆ స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. తర్వాత ఎనిమిది బార్లకి ఆ మొత్తం వరసనీ అలాగే ఎత్తి అర మెట్టు పైన పెడతారు. మళ్ళీ ఎనిమిది బార్లు కిందికి దిగి మొదటి చోటికి వస్తారు. అంతే, పాట మొత్తం ఇదే. ఆ అర మెట్టు పైకి ఎక్కే క్షణం కోసం కాచుకుని ఉండండి. ఒక్కసారి దాని రుచి తెలిస్తే తొమ్మిది నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. మైల్స్ ట్రంపెట్ మీద రెండు చుట్లు తక్కువ స్వరాలతో, ఖాళీలు వదిలిపెడుతూ వాయిస్తాడు. వెంటనే జాన్ కోల్ట్రేన్ అదే చోట స్వరాలు కుమ్మరిస్తాడు. తర్వాత కానన్‌బాల్ ఆడర్లీ ఇంకో శాక్సోఫోన్‌తో హుషారుగా, చివర బిల్ ఎవాన్స్ పియానో. ఒకే ఇంట్లో నలుగురు మనుషులు. ఎవరి నడక వాళ్ళది.

అయితే ఖరహరప్రియ అన్నాను కదా అని ఆ రాగభావం కోసం వెతక్కండి. గమకాలు మన పద్ధతిలో ఉండవు, రాగానికి ఉండే ప్రయోగాలు, నియమాలు ఉండవు. స్వరాలు మాత్రమే అవి. ఈ తేడా తెలియక మా స్నేహితుడొకరు, మంచి గాయకుడు, ఇది అపస్వరం అని కోపగించుకుని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ కూర్చోబెట్టి వినిపించడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంకో సంగతి. మీ దగ్గర ఈ ఆల్బమ్ పాత క్యాసెట్టో రికార్డో ఉంటే దానితో శ్రుతి కలిపి వాయించడానికి ప్రయత్నించకండి. 1959 మార్చి 2న జరిగిన మొదటి రికార్డింగులో టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంలో వినిపించేసరికి మొదటి వైపున్న మూడు పాటలూ అసలు శ్రుతి కన్నా కొంచెం పైన పలికాయి. 1990ల్లో గానీ సరిచెయ్యలేదు. నేను క్యాసెట్‌తో పాటు క్లారినెట్ కలపబోయి, కలవక, క్లారినెట్ మూతి దగ్గర పలికే సన్నని పుల్ల, రీడు, చెడిపోయిందని నాలుగు రీడులు మార్చాను. నాన్నగారు పక్కనుంచి "నీది బాగానే ఉందిరా, వాళ్ళదే పైకుంది" అన్నారు. ఆయన మాట నిజమని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఈ నాలుగూ అయ్యేసరికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తొందర పడకండి. వందేసి ఆల్బమ్‌ల జాబితాలు కనిపిస్తుంటాయి. వాటితో టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఒక ఆల్బమ్‌తో నెల రోజులు కాపురం చెయ్యాలి.

తర్వాతి మెట్టు బిల్ ఎవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబీ'. 1961 జూన్ 25, ఆదివారం నాడు న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో రికార్డు చేశారు. గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినిపిస్తాయి. బేస్ వాయించిన స్కాట్ లఫారోని వినండి. అప్పటిదాకా నడక మోసిన బేస్ ఇందులో పియానోతో సమానంగా మాట్లాడుతుంది. పదకొండు రోజుల తర్వాత, జులై 6న, కారు ప్రమాదంలో అతను చనిపోయాడు. ఇరవై అయిదేళ్ళు. ఆ సంగతి తెలిశాక ఆ గ్లాసుల చప్పుడు నాకు వేరేగా వినిపిస్తుంది. ఆ రాత్రి అక్కడ కూర్చుని తాగుతున్నవాళ్ళకి ఏం తెలుసు?

కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' మాత్రం ఒంటరిగా, తీరిక ఉన్న రాత్రి వినండి. 1964 డిసెంబరు 9న ఒకే రోజు కూర్చుని వాయించారు. దేవుడికి కృతజ్ఞతగా ఆయన చేసిన సమర్పణ అది. మొదటి భాగంలో బేస్ నాలుగు స్వరాల చిన్న మాట ఒకటి పట్టుకుంటుంది. కోల్ట్రేన్ దాన్ని తీసుకుని పన్నెండు శ్రుతుల్లోనూ, ఒక్కో గుమ్మం ముందూ నిలబడి పిలిచినట్టు వాయిస్తాడు. ఆ తర్వాత అదే వరసలో 'ఎ లవ్ సుప్రీమ్' అని గొంతుతో జపంలా అంటారు. మన నగరసంకీర్తన విన్నవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. నాలుగో భాగం 'సామ్', అంటే స్తోత్రగీతం, అందులో తాళం లేదు. ఆల్బమ్ అట్ట లోపల తనే రాసిన ప్రార్థన ఒకటి అచ్చు వేశాడు. దాన్నే మాట మాటకీ శాక్సోఫోన్ మీద చదివాడు. ఆ ప్రార్థన ముందు పెట్టుకుని వింటే అక్షరాలు పలకడం తెలుస్తుంది. మా ప్రాంతంలో పద్యనాటకాల్లో హార్మోనియం పక్కన పెట్టుకుని పద్యం చివర రాగం తీస్తారు చూడండి, నాకు అదే గుర్తొచ్చింది.

మూడో భాగం ఎల్విన్ జోన్స్ డ్రమ్స్‌తో మొదలవుతుంది. చాలామంది అక్కడ చప్పుడు ఎక్కువని భయపడతారు. నా శిష్యుడొకడు బరంపురంలో నేతపనివాళ్ళ ఇంటి అబ్బాయి, రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో డప్పు కొడతాడు. వాడికి పియానో సంగతులు ఏమీ పట్టలేదు గానీ ఈ డ్రమ్స్ మాత్రం ఒక్క వినికిడిలో పట్టాడు. "ఒక చెయ్యి మూడు లెక్కలో ఉంది సార్, ఇంకో చెయ్యి నాలుగులో" అన్నాడు. నేను అప్పటికి ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. అంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి మీరు వినేటప్పుడు పక్కన డప్పు కొట్టేవాళ్ళని ఒకరిని కూర్చోబెట్టుకోండి.

క్లారినెట్ వాణ్ణి కాబట్టి చివరగా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం 1963లో మన దేశానికి వచ్చింది. ఆ ప్రయాణం జ్ఞాపకంగా 1966 డిసెంబరులో 'ఫార్ ఈస్ట్ సూట్' రికార్డు చేశారు. అందులో ఢిల్లీలో విన్న మైనా, అంటే గోరింక మీద కట్టిన పాట ఒకటుంది. ఆ పిట్ట పలుకుని జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద పలికిస్తాడు. చుట్టూ బ్యాండు మొత్తం ఏదేదో చేస్తుంటే పిట్ట తన మాట తను అంటూనే ఉంటుంది. నాన్నగారికి మంచం మీదున్న రోజుల్లో ఇది వినిపించాను. "పిట్ట వినడం లేదురా, ఎవరేం వాయించినా అదే మాట పట్టుకుని కూచుంది" అని నవ్వి, మళ్ళీ పెట్టమన్నారు. ఆ వారమంతా రోజూ పొద్దున్నే అదే పెట్టమనేవారు.

మీ అమ్మగారు పాడతారన్నారు కదా. కైండ్ ఆఫ్ బ్లూ వంతు వచ్చినప్పుడు ముందు ఆవిడ చేత 'చక్కని రాజమార్గము' పాడించుకోండి. అది ఖరహరప్రియలోనే ఉంది. ఆ వెంటనే ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి మీ చెవిలో పెట్టుకుని 'సో వాట్' వెయ్యండి. అర మెట్టు పైకి వెళ్ళే చోట మీరు చెయ్యి ఎత్తకండి, ఆవిడే పట్టుకుంటారేమో చూడండి. ఏమన్నారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తాను.